పేపరు కుర్రాడి సైకిలు కొండ దిగిన రోజు

2026 అక్టోబరు 21కి రీప్యాక్ పందేనికి 50 ఏళ్లు నిండుతాయి. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మెరిన్ కౌంటీ ఉంది. అందులో ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్క కొండ మీంచి కొందరు కుర్రాళ్లు తుక్కుకి పోవాల్సిన సైకిళ్లెక్కి ప్రాణాలకు తెగించి కిందికి దిగిన రోజది. మౌంటెన్ బైక్ ఎక్కడ పుట్టిందనే తగువు ఎప్పటికీ తెగదు. నన్నడిగితే మాత్రం ఆ కొండే చూపిస్తాను. ఎందుకంటే చక్రం ఎంత ఉండాలి, ఫ్రేము ఎంత వాలాలి అనే లెక్క అక్కడ కాగితం మీద కాదు, మోకాళ్ల మీద తేలింది.

అంతకు ముందు కథ గబగబా చెప్పేసుకుందాం. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ పెడళ్లు లేని చెక్క బండిని కాళ్లతో నేలను తన్నుకుంటూ నడిపాడు. తరవాత పెడళ్లు ముందు చక్రానికే బిగించారు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది గనక, వేగం కావాలంటే చక్రాన్ని పెంచడం తప్ప దారి లేదు. అలా మనిషెత్తు సైకిళ్లు వచ్చాయి, వాటి మీంచి తలకిందులుగా పడేవాళ్లూ వచ్చారు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలు చేశాక రెండు చక్రాలూ దాదాపు సమానమయ్యాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1897లో అమెరికా సైన్యంలోని నల్లజాతి సైనికుల దళం ఒకటి మోంటానా నుంచి సెయింట్ లూయిస్ దాకా 1,900 మైళ్లు బురదలోనూ కొండల్లోనూ సైకిళ్ల మీదే వెళ్లింది. మౌంటెన్ బైక్ అనే మాట అప్పటికింకా ఎవరి నోటా లేదు.

ఇక 1933కి దూకేద్దాం. షికాగోలోని ష్విన్ కంపెనీ ఆ ఏడాది బొద్దుగా ఉండే బెలూన్ టైరు తెచ్చింది. కొలత 26 × 2.125 అంగుళాలు. కొండల కోసమేం కాదు, పిల్లలు ఫుట్‌పాత్ అంచులెక్కించి దూకించినా పాడవకుండా ఉండాలని. ఆ టైర్లతో వచ్చిన ఎక్సెల్సియర్ లాంటి సైకిళ్ల మీద అమెరికా కుర్రాళ్లు తెల్లారకముందే ఇంటింటికీ పేపర్లు వేశారు. ఫ్రేము పొడుగు, హ్యాండిల్ వెడల్పు, ముందు ఫోర్కు బాగా ముందుకి వాలి ఉండేది. కాలం గడిచేకొద్దీ ఆ సైకిళ్లు షెడ్లలో తుప్పుపట్టాయి.

నాకిష్టమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. 1970లలో మెరిన్‌లో వెలో క్లబ్ టమాల్‌పైస్ అనే రోడ్ రేసర్ల క్లబ్బు ఉండేది. అందులో రాక్ బ్యాండు సామాన్లు మోసే చార్లీ కెల్లీ, అతని గదిలోనే ఉండే పొడుగు జుట్టు గ్యారీ ఫిషర్, రేసు కార్లు తయారుచేసే తండ్రి దగ్గర పెరిగిన జో బ్రీజ్ సభ్యులు. వారం పొడుగునా సన్నటి టైర్ల రేసు సైకిళ్లు. సరదా పుడితే మాత్రం పాత ష్విన్‌ల మడ్‌గార్డులూ చైన్ కవర్లూ పీకి పారేసి, ‘క్లంకర్లు’ అని ముద్దుపేరు పెట్టి, అగ్నిమాపక దళం కోసం వేసిన మట్టిదారిలో కొండ దిగడమే. రెండు మైళ్ల దారిలో 1,300 అడుగుల పల్లం.

ఆ సైకిళ్లకు చేతి బ్రేకు లేదు. పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులోపల బ్రేకు పడుతుంది. అంత పల్లంలో అదేపనిగా వెనక్కి తొక్కేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజు కరిగి పొగై పోయేది. మలుపు తిరిగినవాడి వెనక పొగ చార వేలాడుతుండేది. కిందికి చేరగానే హబ్బు విప్పి, కిరసనాయిలు వాసనొచ్చే గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు దట్టించుకోవాలి. గ్రీజు దట్టించడాన్ని అక్కడివాళ్లు రీప్యాక్ అంటారు, ఆ దారి పేరూ అదే అయింది.

ఎవరు వేగమో తేల్చుకుందామని 1976 అక్టోబరు 21న కెల్లీ పందెం పెట్టాడు. ఒకరి తరవాత ఒకర్ని విడిగా వదిలి, పైనొక గడియారం, కిందొక గడియారంతో లెక్కగట్టారు. మొదటి పందెం ఆలన్ బాండ్స్ గెలిచాడు. పడనివాడు అతనొక్కడేనని చెప్పుకుంటారు. తరవాత్తరవాత రికార్డు ఫిషర్‌ది: 4 నిమిషాల 22 సెకన్లు. బ్రీజ్‌ది 4:24. ఆ రెండు సెకన్ల గురించి వాళ్లు ముసలాళ్లయ్యాక కూడా ఒకర్నొకరు దెప్పుకున్నారంటే నమ్మేస్తాను. మలుపు దగ్గర కెమెరా పట్టుకుని వెండీ క్రాగ్ నిలబడకపోతే ఈ దుమ్మూ ధూళీ మనదాకా వచ్చేదే కాదు. ఆమె ఫొటోలే తీసి ఊరుకోలేదు, తనూ పందెంలో దిగింది.

పందెం చూసినవాళ్లకు ఒకటి అర్థమైంది. అన్ని పాత సైకిళ్లలోకీ ఎక్సెల్సియరే తిన్నగా దిగుతోంది. కారణం హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు నేలతో చేసే కోణం. అది దాదాపు 68 డిగ్రీలు. కోణం తగ్గేకొద్దీ ముందు చక్రం మనిషికి దూరంగా జరుగుతుంది, రాయి తగిలినా తలకిందులుగా విసిరెయ్యదు. హ్యాండిల్ తిరిగే గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటికి ఎంత ముందుంటుందో, ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు. ట్రెయిల్ ఎక్కువుంటే వేగంలో చక్రం తనంతట తనే తిన్నగా నిలుస్తుంది. నెమ్మదిగా ఎక్కుతుంటే మాత్రం అదే చక్రం అటూ ఇటూ వాలి విసిగిస్తుంది. 1977లో బ్రీజ్ కొత్త గొట్టాలతో సొంత ఫ్రేము కట్టినప్పుడు ఎక్సెల్సియర్ కోణాల్నే దించేశాడు. ఆ తొలి బ్రీజర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. పేపరు కుర్రాడికి దక్కిన గౌరవమే అది!

చక్రం 26 అంగుళాల దగ్గర ఆగడానికి మాత్రం ఏ సిద్ధాంతమూ లేదు. బలమైన లావు టైరు ఆ కొలతలోనే దొరికింది, అంతే. ఇంగ్లండ్ నుంచి జెఫ్ ఆప్స్ ఫిన్లాండ్‌లో చేసిన పెద్ద మంచు టైర్లు ఫిషర్‌కీ కెల్లీకీ పంపాడు. నచ్చాయి కూడా. కానీ సరుకు సరిగా అందలేదు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి పెట్టిన కంపెనీ, 1981లో ఇంకో కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్ సైకిలు, అన్నీ 26 మీదే నడిచాయి. మన ఊళ్లలో హీరో రేంజర్ తొక్కినవాళ్లు టైరు పక్కన చూసిన 26 × 2.125 అనే అంకె షికాగో పేపరు కుర్రాళ్ల నాటిదే.

ఇక్కడి నుంచి కథకు తిన్నటి దారి లేదు. కొండ దిగడం కన్నా ఎక్కడం ముఖ్యమైన పందేలు వచ్చాయి. హెడ్ యాంగిల్ 71 డిగ్రీలకు నిటారయింది, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ జానెడు ముందుకు సాగింది. రీప్యాక్ నేర్పిన పాఠం అటకెక్కింది.

1999లో లావుపాటి 29 అంగుళాల టైరు బజారుకొచ్చాక చక్రాల యుద్ధం మొదలైంది. దారిలో 10 సెంటీమీటర్ల రాయి ఉందనుకోండి. 26 చక్రం దాన్ని సుమారు 45 డిగ్రీల్లో ఢీకొంటే 29 చక్రం 43 డిగ్రీల్లో తాకుతుంది. తేడా రెండు డిగ్రీలే గానీ, ప్రతి రాయికీ కలిసొస్తుంది. అయితే పాత 71 డిగ్రీల ఫ్రేములో 38 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే గీతకు చక్రం ఇరుసు ముందుండే దూరం) ఉన్న ఫోర్కుకి పెద్ద చక్రం పెడితే ట్రెయిల్ 75 నుంచి 87 మిల్లీమీటర్లకి పెరిగి సైకిలు మొద్దుబారిపోతుంది. ఫోర్కు ఆఫ్‌సెట్‌ను 51కి పెంచితే ట్రెయిల్ మళ్లీ 74 దగ్గరికొస్తుంది. ఆ 51ని బజారుకెక్కించిన బ్రాండు గ్యారీ ఫిషర్ పేరుదే కావడం ముచ్చటేస్తుంది.

తరవాత 27.5 వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో దాని మీద నీనో షుర్టర్‌కి రజతం, 29 మీద కుల్హావీకి స్వర్ణం. తగువు తీరలేదు. 2017లో ఫోర్ట్ విలియమ్ డౌన్‌హిల్ పందెం గ్రెగ్ మినార్ 29 మీద గెలిచాడు. 2019లో ముందు 29, వెనక 27.5 పెట్టుకోవచ్చని నిబంధనలూ సడలాయి. ఇంతలో హెడ్ యాంగిల్ మళ్లీ వాలి 65కి, డౌన్‌హిల్ సైకిళ్లలో 63కి దిగింది. ఎక్సెల్సియర్‌ని దాటి మరీ వాలింది. ఫ్రేము పొడుగయింది, స్టెమ్ పొట్టిదయింది, ఎక్కేటప్పుడు బరువు ముందుండాలని సీటు గొట్టం నిటారయింది.

అంగుళాలను మరీ నమ్మకండి. మన తాతల 28 అంగుళాల సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు, ఈ ఆధునిక 29 రిమ్ము 622. లావు టైరు కలిసి పేరు పెద్దదయింది, అంతే. ఇప్పుడు 32 అంగుళాల చక్రం కూడా వస్తోందంటున్నారు. వస్తే ట్రెయిల్, ఆఫ్‌సెట్, ఫ్రేము పొడవు అన్నీ మళ్లీ లెక్క వేసుకోవాల్సిందే, పొట్టివాళ్లకు సీటు కింద చోటూ చూసుకోవాల్సిందే. మౌంటెన్ బైక్ కొనబోయేవాళ్లు అంగుళాల కన్నా ముందు హెడ్ యాంగిల్ అడగండి. షాపువాళ్లు చెప్పలేకపోతే ఇంకో షాపు చూసుకోండి.