చెరకు గానుగ - ఎడ్ల నుంచి బెల్టు దాకా

అనకాపల్లి బెల్లం పేరు వినని తెలుగువారు అరుదు. ఆ బెల్లానికి తగిన చెరకు రకాలను గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నాం. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం వెలిసినది మొదలు ఆ కృషి సాగుతూనే ఉన్నది. అయితే రసం తీసే గానుగ ఎలా మారుతూ వచ్చింది? ఆ మార్పులో మనకేం కలిసివచ్చింది, ఏం చేజారింది? ఇవాళ ఆ సంగతి చూద్దాం.

పూర్వం చెరకును రాతి గానుగల్లోనూ, కొయ్య గానుగల్లోనూ ఆడేవారు. 1870లలో బీహారులోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఇనుప రోలర్ల గానుగ తయారుచేశారు. ఎడ్లతో తిరిగే అటువంటి గానుగలు క్రమంగా దేశమంతటా వ్యాపించాయి. పొడుగాటి దూలానికి ఎడ్లను కట్టి ఒకడు తోలేవాడు. రోలర్ల దగ్గర కూర్చుని ఇంకొకడు గడలు అందించేవాడు. పని నిదానమే. కాని ఒక సుఖమున్నది. గడలు పెట్టేవాడు "ఆపరా!" అని కేక వేస్తే ఎడ్లు ఆగిపోయేవి. గడలు ఎక్కువైతే ఎడ్లే మొరాయించేవి. అంటే, గానుగను ఆపే కీలు ఎద్దులోనే ఉన్నదన్న మాట.

తరువాత ఆయిలు ఇంజన్లు వచ్చాయి. మొదట సీమ ఇంజన్లు, 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ ఏర్పడ్డాక స్వదేశపు ఇంజన్లు. ఇంజనుకు పరుగు ఎక్కువ, గానుగకు నడక కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చింది బెల్టు. లెక్క చూడండి: ఇంజను నిమిషానికి 640 చుట్లు తిరుగుతున్నదనుకోండి. దాని పుల్లీ 8 అంగుళాలు, గానుగ పుల్లీ 32 అంగుళాలు అయితే, గానుగ పుల్లీ 160 చుట్లే తిరుగుతుంది. అక్కడినుంచి పళ్లచక్రాలు ఆ వేగాన్ని మరింత తగ్గించి రోలర్లకు అందిస్తాయి.

మరి ఆపడం ఎలా? ఇంజనుకు చెవులు లేవు గదా! అందుకు ఆనాటి యంత్రాల్లో ఒక ఉపాయముండేది. షాఫ్టు మీద పక్కపక్కనే రెండు పుల్లీలు: ఒకటి షాఫ్టుకు బిగించినది, రెండోది వదులుగా తిరిగేది. కర్రతో వెడల్పాటి బెల్టును వదులు పుల్లీ మీదికి నెడితే ఇంజను తిరుగుతున్నా యంత్రం నిలిచిపోయేది. ఈనాటి క్లచ్చి చేసే పని అదే. పైగా గడలు అడ్డంపడి రోలర్లు బిగిస్తే బెల్టు జారేది, లేదా ఊడిపడేది. జారుతున్నదని విసుక్కుని కొందరు బెల్టు మీద గుగ్గిలం పొడి చల్లేవారు. కాని ఆ జారడమే పళ్లచక్రాన్నీ, ఒక్కొక్కసారి మనిషి చేతినీ కాచేది.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమయింది. ఆ తరువాతి ఏళ్లలో పల్లెలకు కరెంటు చేరుతూ వచ్చింది. గానుగలకు మోటార్లు అమరాయి. సాధారణంగా వాడే మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతుంది. అంత వేగం తగ్గాలంటే మోటారు పుల్లీ బాగా చిన్నది కావాలి. చిన్న పుల్లీని బెల్టు చుట్టుకునే మేర తక్కువ, అంచేత చదును బెల్టు జారిపోతుంది. అక్కడ అక్కరకు వచ్చింది 'వి' బెల్టు. అమెరికాలో జాన్ గేట్స్ 1917లో రూపొందించిన ఈ రబ్బరు బెల్టు, పుల్లీ గాడిలో మేకులా దిగి రెండు పక్కలా పట్టుకుంటుంది.

పట్టు పెరిగింది, పని పెరిగింది. కాని ఒకటి పోయింది. గాడిలో కూర్చున్న బెల్టును కర్రతో పక్కకు నెట్టలేం. వదులు పుల్లీ మాయమయింది. బెల్టు తేలిగ్గా జారదు కూడా. రోలర్ల మధ్య గడతోపాటు చొక్కా చెయ్యి చిక్కితే, ఎద్దు ఆగినట్టు మోటారు ఆగదు. స్విచ్చి పాక అవతలి గుంజకు ఉంటే పరుగెత్తేలోగా జరగవలసినది జరిగిపోతుంది.

గేర్లు లేని స్కూటరులోనూ, మెట్టపల్లాల మీద తిరిగే ఏటీవీ అనే నాలుగు చక్రాల బండిలోనూ ఇదే సూత్రం. అక్కడ బెల్టు పుల్లీ రెండు చెక్కలుగా ఉంటుంది. వేగం పెరిగినకొద్దీ లోపలి బరువులు ఆ చెక్కలను దగ్గరకు నెట్టి బెల్టును బిగిస్తాయి. బరువులో, స్ప్రింగో మార్చి బెల్టు సంగతి మరిచామా, అది కాలి తెగుతుంది. బెల్టు, పుల్లీ, క్లచ్చి ఒకే కుటుంబం. ఒక్కదాన్ని మారిస్తే మిగతావాటినీ చూడవలసిందే.

కనుక గానుగకు కొత్త సామాను వేసేటప్పుడు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. గాడి అరిగిన పుల్లీకి కొత్త బెల్టు వేయకండి, అదీ అరిగిపోతుంది. బెల్టు గాడి అడుగును తాకుతుంటే పట్టు పోయినట్టే. మూడు బెల్టులుంటే మూడూ ఒక్కసారే మార్చండి. పాతవాటి మధ్య కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, బెల్టుకు తొడుగు, గడలు పెట్టే చోట చెయ్యి రోలరును అందనంత పొడుగు పళ్లెం, కూర్చున్నవాని చేతికందే స్విచ్చి. మోటారు ఆపినా రోలర్లు ఇంకా కొంత తిరుగుతాయి సుమా!

ఎడ్లు పోయాయి, పనిలో వేగం వచ్చింది, మంచిదే. "ఆపరా!" అన్న కేకను మటుకు ఏదో రూపంలో గానుగ దగ్గర నిలబెట్టుకోవాలి. గ్రామాల్లో తిరిగే విస్తరణ కార్యకర్తలు చెరకు రకం చూసినప్పుడు, ఓ అడుగు వేసి ఆ స్విచ్చి ఎక్కడున్నదో కూడా చూడవలెను.