బొమ్మపొత్తికలు

విరాటపర్వములో ఒక చిన్న ముచ్చట ఉన్నది. కౌరవులు గోవులను తోలుకొనిపోవుచున్నారు. ఉత్తరకుమారుడు రథమెక్కెను, బృహన్నల పగ్గములు పట్టెను. అంతటి తొందరలో ఉత్తరయు, ఆమె చెలికత్తెలును ఎదురువచ్చి ఒక కోరిక కోరిరి. గెలిచి వచ్చునప్పుడు కౌరవవీరుల వస్త్రములు, రంగురంగులవి, సన్ననివి, తమ బొమ్మలకై తెచ్చిపెట్టవలెనట. అర్జునుడు ఆ మాట మరువలేదు. శత్రువులు సమ్మోహనాస్త్రముచే ఒడలెరుగక పడియుండగా ఉత్తరుని రథము దింపి, ద్రోణకృపుల తెల్లని వస్త్రములు, కర్ణుని పసుపుపచ్చనిది, అశ్వత్థామ దుర్యోధనుల నీలివి తెప్పించెను. భీష్ముడు మాత్రము తెలివితోనే యుండును, అటు పోవలదని హెచ్చరించెను కూడ.

ఈ కథ విని నవ్వుకొందుము. ఉత్తర పసిపిల్ల యని సరిపెట్టుకొందుము. కాని ఆ పర్వము ముగియునప్పటికే ఆమెకు అభిమన్యునితో వివాహము జరిగినది. నాట్యము నేర్చిన, పెండ్లియీడు వచ్చిన కన్య ఆమె. అడిగిన తీరు చూడుడు: సన్నని బట్టలే కావలెనన్నది. జానెడు బొమ్మకు ముతకబట్ట కట్టిన అది ఒంటికి అంటదు, డేరావలె నిలుచును. ఈ సంగతి బొమ్మకు చీర కట్టి చూచిన చేతికే తెలియును.

ఉత్తరను ఈ ప్రసంగమునకు పిలుచుకొనివచ్చుటకు కారణమున్నది. ఇప్పుడు లోకమున అనేక దేశములలో పెద్దవారు, ఉద్యోగములు చేసికొనుచున్నవారు, బొమ్మలు సేకరించుచున్నారు. అవి అంగడిలో గుట్టపోసి అమ్మునవి కావు. మెడకు, భుజమునకు, మోచేతికి, మోకాలికి బంతివంటి కీలు గలవి. ఒక్కొక్కదాని ముఖమునకు చేతితో రంగు దిద్దుదురు. కన్నులు, జుట్టు కోరినట్లు మార్చుదురు. కొలత తీసి బట్టలు కుట్టుదురు. జపానులోని క్యోటో నగరపు వోక్స్ సంస్థ 1999లో సూపర్ డాల్ఫీ అను పేర ఇట్టి బొమ్మలను విడుదల చేసినది మొదలు ఈ అభిరుచి కొరియాకును, పడమటి దేశములకును ప్రాకినది. వెల వేలకు వేలు. ఇది వినిన మన యింటి పెద్దలు అడుగు ప్రశ్న ఒక్కటే: ఈడు వచ్చిన మనిషికి బొమ్మలాట యేమిటి?

జవాబునకు ముందు ఆ కీలు సంగతి చెప్పవలెను. బొమ్మ ఒడలు బోలుగా నుండును. అవయవములను విడివిడిగా పోతపోసి, ఒకదాని కొనను గుండ్రముగాను, దానికి తగులుదాని కొనను గుంటగాను చేయుదురు. లోపల తలనుండి పాదముల వరకు సాగెడు త్రాడు బిగించుదురు. ఆ బిగువే దానికి కండరము. చేయి ఎత్తిన ఎత్తినట్లే నిలుచును. త్రాడు వదులైనచో బొమ్మ కూలబడును; మరీ బిగిసినచో కాలు తటాలున తన్నును. సేకరించువారు ఈ త్రాడు మార్చు విద్యను తామే నేర్చుకొందురు.

కదలు బొమ్మ నిన్నటి ఊహ కాదు. మొహెంజొదారోలో తల ఊపు మట్టి ఎద్దు దొరికినది. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దిలోనే గ్రీకులు మట్టిబొమ్మలకు భుజమువద్దను, మోకాలివద్దను కీళ్ళు పెట్టిరి. బంతికీలు గల కొయ్యబొమ్మలు 16వ శతాబ్దపు జర్మనీలో పుట్టినవి. వ్రేళ్ళు సయితము వంగు ఆ పనితనమును చూచియే 1930లలో హాన్స్ బెల్మర్ అను కళాకారుడు తన బొమ్మలకు బంతికీళ్ళు పెట్టెను. ఆయన పని చూచి జపాను శిల్పులు ఆ దారి పట్టిరి. మన తోలుబొమ్మ మాట మరువరాదు. దాని భుజము, మోచేయి వేరువేరు తోలుముక్కలు. దారపు ముడులే కీళ్ళు. నాట్యమాడు స్త్రీబొమ్మకు కీళ్ళు మరికొన్ని ఎక్కువ. వాటిని ఆడించినవారును, రాత్రి తెల్లవార్లు కూర్చుండి చూచినవారును పెద్దలే.

ఇక వేషధారణకు వత్తము. ఫ్రాన్సు రాజాస్థానము క్రొత్త దుస్తుల తీరు తెలుపుటకు అలంకరించిన బొమ్మలను పరదేశములకు పంపుచుండెడిది. బట్ట కఱవైన 1945లో పారిస్ దర్జీలు ఇంచుమించు 27 అంగుళముల తీగబొమ్మలకు నిజమైన దుస్తులు కుట్టి ప్రదర్శించిరి. ఆ బొమ్మలు నేడు అమెరికాలోని మేరీహిల్ మ్యూజియమున భద్రముగా ఉన్నవి. మన దేశమున కార్టూనిస్టు శంకర్ పిళ్ళై హంగేరీ రాయబారి ఇచ్చిన ఒక బొమ్మతో మొదలుపెట్టి, 1965లో ఢిల్లీలో అంతర్జాతీయ బొమ్మల మ్యూజియము తెరచునంతవరకు వచ్చిరి. ఈయనను పెద్దలెవరును ఆ ప్రశ్న అడిగినట్లు లేదు. మగవాడు చేసిన సేకరణము, ఆడుది చేసిన ఆట! ఈ తేడా మనలో చిరకాలముగా ఉన్నది.

అసలు చెప్పదలచినది ఇక్కడనే ఉన్నది. విజయనగరమున 1892లో కన్యాశుల్కము ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. గురజాడవారు తొలి కూర్పునకు వ్రాసిన పీఠికలో కొన్ని లెక్కలు ఇచ్చిరి. విజయనగరము మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్క వివాహముల పట్టిక తయారు చేయించగా, 1034 వివాహములు తేలినవి. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది నిండినవారు ముగ్గురు. ఆ పిల్లల చేతులలో ఆనాడు ఏమి ఉండవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. పూర్ణమ్మను గురజాడవారు పుత్తడిబొమ్మ యని ఊరకనే అనలేదు.

ఆ దినములలో ఆడపిల్లలు బొమ్మల పెండ్లి చేసెడివారు. ఇంటివారు సయితము కలిసి నిజమైన పిండివంటలే వండెడివారు. ఆ ఆట ముగియకమునుపే అసలు పెండ్లి వచ్చెడిది. అత్తవారింట బొమ్మతో ఆడుకొనుట తప్పు. కాని చిత్రమేమనగా, అదే బొమ్మ అదే యింట మరియొక ద్వారమున లోపలికి వచ్చినది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టవచ్చును. ముక్కనుమనాడు క్రొత్తకోడలు సావిత్రీగౌరి నోము పట్టి, మట్టిబొమ్మలను తొమ్మిది దినములు పూజించి నీట విడువవచ్చును. దానికి జనము పెట్టుకొన్న పేరే బొమ్మలనోము. ఆటగా లాగికొన్నదానిని సంఘము వ్రతముగా తిరిగి ఇచ్చినదని నా అభిప్రాయము. పండితులు ఒప్పుకొనకపోవచ్చును. నాకీ ఊహ పుస్తకములవలన కలుగలేదు.

మా అమ్మమ్మది నాగావళి యొడ్డున ఒక పల్లె. ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండవలెనను శారదా చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి అమలగునని తెలిసి, దేశమంతట కంగారుగా పెండ్లిండ్లు జరిగినవి. ఆ మాఘమాసముననే ఆమెకును జరిగినది. అప్పటికి ఎనిమిదేండ్లు. సారెతోపాటు తిరుపతినుండి తెచ్చిన మరపాచి జంట వెంట వచ్చినది: ఎఱ్ఱచందనపు కొయ్యలో ఏకముగా చెక్కిన ఆలుమగలు, కీలు లేదు, కదలిక లేదు. అట్టి బొమ్మకు చెక్కడపు చీర నామమాత్రమే. బట్ట కట్టుట ఇంటి ఆడవారి పని.

ఏటేట భోగినాడు ఆమె పెట్టె దింపించి, ఆ బొమ్మకు క్రొత్తబట్ట కట్టెడిది. అంగుళములో కుచ్చిళ్ళు పెట్టవలెను. అందుకు మా జిల్లాలోనే తగిన బట్ట ఉన్నది. పొందూరులో వాలుగ చేప దవడ పండ్లతో ప్రత్తిని దువ్వి వడకిన సన్నని నూలు ఖద్దరు, బొమ్మ ఒంటిమీద మనుష్యుల ఒంటిమీద పడినట్లే పడును. ఆ గుడ్డముక్కకొరకు ఆమె తాతగారి పాత ఉత్తరీయమును దాచుకొనెడిది. నాకు పదేండ్లప్పుడు కుతూహలముకొలది ఆ బొమ్మ చీర విప్పి చూచితిని. లోపల మరియొక చీర. దాని లోపల మరియొకటి. ఏ ఏటి బట్టను ఆమె విప్పలేదు, పాతదానిపై క్రొత్తది చుట్టినది. ఏడు వరుసలు లెక్కపెట్టునప్పటికి వీపుమీద దెబ్బ పడినది. అడుగున ఉన్నది ఎవరి చీరయో ఆనాడు అడుగవలెనని తోచలేదు.

కొలువులో తక్కిన బొమ్మలు ఏటికొప్పాక నుండి వచ్చినవి. శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను వేరు జిల్లాలగుటకు మునుపు మేమందరమును ఆ ఊరితోపాటు విశాఖపట్టణము జిల్లావారమే. వరాహనది యొడ్డున అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, లక్కకడ్డీని ఆనించుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱను పట్టును. మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. మన లక్కపిడతలు అట్లు వచ్చినవే. రసాయనపు రంగులు వచ్చి ఈ పని చెడినప్పుడు సి.వి.రాజుగారు పసుపు, నీలి మొదలగు చెట్టుచేమల రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చిరి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చినది. తరిమెనపై బంతి రూపు తీయవచ్చును. ఆ బంతిని కీలుగా మార్చుటకు కావలసినది ఒక గుంట, ఒక త్రాడు, కొనువాడొకడు. మొదటి రెండును ఏటికొప్పాకలో దొరకును. బొబ్బిలివద్ద గొల్లపల్లిలో పెద్దవీణలు చేయు చేతులే అరచేతిలో ఇముడు వీణలను చెక్కుచున్నవి. వాటిని కొనువారు కలిగిరి.

అమ్మమ్మ పోయిన తరువాత ఇల్లు చేతులు మారినది. పెట్టె అటకమీదనే చాల ఏండ్లు ఉండిపోయినది. తప్పు నాది, తెచ్చుకొందునని వాయిదా వేసితిని. తీరా తెరచి చూడగా ఎఱ్ఱచందనము చెక్కు చెదరలేదు. బట్టమాత్రము చెదలుపాలైనది. ఏడు వరుసలో, డెబ్బదియో, అంతయు ఒక గుప్పెడు మట్టి.

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు జీతము కూడబెట్టి కొరియానుండి తెప్పించుకొన్న బంతికీళ్ళ బొమ్మతో ఊరికి వచ్చినది. గౌనులు పెట్టెడు ఉన్నవి. చీర కట్టుట మాత్రము చేతకాలేదట. బొమ్మను మా అమ్మ ఒడిలో పెట్టినది. డెబ్బది దాటిన మా అమ్మ దాని మోకాలు రెండుమార్లు వంచి చూచినది.

“ఏటే తల్లీ, ఇది కూకుంటాది కూడానా?”

“కూర్చుంటుంది అమ్మమ్మా. కుచ్చిళ్ళే నిలవడం లేదు.”

“ఈ గుడ్డకి నిలవవు. బీరువాలో మీ తాతగారి పొందూరు పంచె ఉంది, అట్టుకురా.”

కత్తెర తెమ్మని కూడ చెప్పినది. ఆ పంచెను చింపుటకు మాలో ఎవరికిని మనసొప్పలేదు. మా అమ్మయే చింపినది.