కొనుగోలు స్పెసిఫికేషన్లు: రకాలు, సరఫరాదారుకు మిగిలే స్వేచ్ఛ

కొనేవారికి ఏం కావాలో, వచ్చిన సరుకును ఏ కొలతతో సరిచూస్తారో ముందే రాసి చెప్పే పత్రం కొనుగోలు స్పెసిఫికేషన్. టెండరు వ్యవహారంలో అందరి చూపూ ధర మీదే ఉంటుంది గానీ, ఆ ధర ఎంతలో పలకాలో చాలావరకు తేల్చేది ఈ పత్రమే. అందులో తయారీ పద్ధతిని రాస్తే సరఫరాదారు ఆలోచించాల్సింది తన రేటు గురించి మాత్రమే. ఫలితాన్ని రాసి ఊరుకుంటే పద్ధతి అతని చేతికి వెళుతుంది, దానితోపాటు నష్టభయమూ వెళుతుంది. ఫలితాన్ని కొలవగలిగిన చోటే ఈ స్వేచ్ఛ కొనేవారికి లాభిస్తుంది. కొలత లేనిచోట అది నాసిరకం సరుకుకు దారి తీస్తుంది.

ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో స్పెసిఫికేషన్ల రకాలు దాదాపు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. సింగరేణి కాలరీస్ కంపెనీకి ఇక్కడ జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ గనులు, దగ్గర్లోనే కిష్టారం ఓపెన్‌కాస్ట్ ఉన్నాయి. జేవీఆర్ అంటే 1973 నుంచి 1978 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ఈ కంపెనీ యంత్రాలు, పేలుడు పదార్థాలు, మట్టి పని కొంటుంది. బొగ్గు అమ్మేటప్పుడు అదే సరఫరాదారు అవుతుంది.

పద్ధతిని నిర్దేశించేవి

డ్రాయింగు, కొలతలు, ముడిపదార్థాల పాళ్లు అన్నీ కొనేవారే ఇచ్చే రకం ఇది. కాంక్రీటులో దీన్ని బాగా చూడవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎం20 నామినల్ మిక్సులో 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుక, కంకర కలిపి 250 కిలోలకు, నీళ్లు 30 లీటర్లకు మించకూడదు. ఇందులో కాంట్రాక్టరు ఎంచుకునేది దాదాపు ఏమీ లేదు. అంతకంటే బలమైన కాంక్రీటుకు డిజైన్ మిక్సు వాడాలి. ఉదాహరణకు ఎం25 అంటే 150 మిల్లీమీటర్ల ఘనాన్ని 28 రోజుల తర్వాత పరీక్షిస్తే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం రావాలి. ప్రమాణం పెట్టిన కనీస సిమెంటు, గరిష్ఠ నీటి హద్దులు దాటకుండా పాళ్లు ఎలా కుదుర్చుకోవాలన్నది ప్రయోగశాలలో తేల్చుకునే విషయం.

నామినల్ మిక్సులో చెప్పినట్టే కలిపినా బలం రాకపోతే తప్పు ఎవరిది? కొనేవారి డిజైనును నమ్మి పనిచేసినవాడిని ఆ డిజైను లోపానికి బాధ్యుణ్ని చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1918లో స్పియరిన్ కేసులో చెప్పింది. బ్రూక్లిన్ నౌకా స్థావరంలో డ్రైడాక్ కట్టే కాంట్రాక్టరు, ప్రభుత్వం ఇచ్చిన ప్లాను ప్రకారమే మురుగు కాలువను మార్చి కట్టాడు. అది పగిలి పని చోటంతా నీట మునిగింది. ప్లాను ఇచ్చిన ప్రభుత్వమే ఆ నష్టం మోయాలన్నది తీర్పు.

బ్రాండు, ప్రమాణం

అన్నిటికంటే తక్కువ స్వేచ్ఛ ఇచ్చేది బ్రాండు పేరు రాసే స్పెసిఫికేషన్. కేంద్ర ప్రభుత్వ శాఖలకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 144వ నియమం, వీలైనంతవరకు వస్తువును దాని పనితీరుతోనూ కొలవగలిగే లక్షణాలతోనూ వర్ణించాలని, ఫలానా ట్రేడ్‌మార్కు కావాలని అడగకూడదని చెబుతుంది. తప్పనిసరై పేరు రాస్తే ‘లేదా దానికి సమానమైనది’ అని చేర్చడం రివాజు. ‘సమానం’ అంటే ఏ లక్షణాల్లో సమానమో రాయకపోతే మాత్రం ఆ మాట అలంకారమే. గనుల్లో కొన్నిచోట్ల బ్రాండు నిజంగా తప్పదు. ఒక కంపెనీ డంపరుకు గేర్‌బాక్సు భాగం కావాలంటే ఆ కంపెనీదే సరిపోవచ్చు. అలాంటప్పుడు అది ఒకే తయారీదారు దగ్గర దొరికే వస్తువని ధ్రువీకరించి సింగిల్ టెండరుతో కొంటారు.

గని కార్మికుల రక్షణ సామగ్రికి ప్రమాణం నంబరు రాస్తే చాలు. హెల్మెట్టుకు ఐఎస్ 2925, గని బూట్లకు ఐఎస్ 1989 ఉన్నాయి. పరీక్ష పద్ధతి కూడా ప్రమాణంలోనే ఉంటుంది కాబట్టి ఎవరు తయారుచేసినా పోటీకి రావచ్చు.

ఫలితాన్ని నిర్దేశించేవి

బొగ్గు పొర మీదున్న మట్టిని, రాతిని గనివాళ్లు ఓబీ అంటారు. దాని తొలగింపును సింగరేణి చాలావరకు కాంట్రాక్టర్లకు ఇస్తుంది. చెల్లింపు క్యూబిక్ మీటరు లెక్కన ఉంటుంది. టిప్పరు ట్రిప్పులు కాకుండా, తవ్వకముందు నేలలో ఉన్న పరిమాణాన్ని సర్వేతో కొలుస్తారు. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది కనుక ట్రిప్పుల లెక్క మోసపోయే లెక్క. మట్టిని మోసే దూరాన్ని బట్టి, ఎత్తును బట్టి, అంటే లీడు, లిఫ్టులను బట్టి రేటు మారుతుంది. ఏ షావెలు పెట్టాలి, ఏ టిప్పర్లు తిప్పాలి, షిఫ్టులు ఎలా నడపాలి అన్నవి చాలావరకు కాంట్రాక్టరు లెక్కలు. డీజిలు ఖర్చు అతనిదే అయితే పొదుపూ అతనిదే. కంపెనీయే డీజిలు పోసే ఒప్పందమైతే వాడకానికి పరిమితి పెట్టక తప్పదు. బెంచి (గనిలో తవ్వే మెట్టు) ఎత్తు, హాల్ రోడ్డు, లైట్లు, బ్రేకుల విషయంలో మాత్రం 2017 బొగ్గు గనుల నిబంధనలు, గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ షరతులు పద్ధతిని కూడా కట్టడి చేస్తాయి. ప్రాణాలతో ముడిపడిన చోట ఫలితం వచ్చేదాకా ఆగి చూడలేం. అందుకే ఆ కట్టడి సరైనదే.

పేలుడు పదార్థాలను కిలో ధరకు కొంటే చవకది గెలుస్తుంది. కిలో మందుకు ఎన్ని క్యూబిక్ మీటర్ల రాయి పగిలిందన్నది పౌడర్ ఫ్యాక్టర్. దానికి హామీ అడిగితే మందు నాణ్యత మీద పోటీ మొదలవుతుంది. అయితే ఈ ఒక్క అంకెనే పట్టుకోవడం సత్తుపల్లి లాంటి ఊళ్లో చాలదు. గని పట్టణానికి ఆనుకునే ఉంది. పేలుళ్లకు ఇళ్లు అదురుతున్నాయని, గోడలు బీటలు వారుతున్నాయని ఇక్కడివాళ్లు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన 7వ సర్క్యులరు, గని యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర నేల కంపన వేగానికి హద్దు పెట్టింది. కంపనం 8 హెర్ట్‌జ్‌ల లోపైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 వరకైతే 10, ఆపైనైతే 15. రంధ్రానికి ఎంత మందు, పేలుడుకీ పేలుడుకీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు అన్నది బ్లాస్టింగు చేసేవారి నైపుణ్యానికే వదిలినా, ఊరివైపు పెట్టిన యంత్రంలో ఈ అంకె దాటకూడదు. ఒప్పందంలో సంతకం చేయని మూడో మనిషిని కాపాడే కొలతను కూడా స్పెసిఫికేషన్‌లో చేర్చాలి. చేర్చకపోతే సరఫరాదారుకు ఇచ్చిన స్వేచ్ఛకు ఖరీదు ఆ ఇంటివాళ్లు కడతారు.

ఫలితాన్ని రాసి పద్ధతిని వదిలేయడం కొత్త సంగతేమీ కాదు. అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్ 1907 డిసెంబరులో విమానం కోసం విడుదల చేసిన 486వ నంబరు స్పెసిఫికేషన్, యంత్రం ఎలా ఉండాలో కాక ఏం చేయాలో చెప్పింది. ఇద్దరిని మోయాలి, గంటసేపు ఎగరాలి, గంటకు 40 మైళ్ల వేగం అందుకోవాలి. వేగం పెరిగితే అదనపు సొమ్ము, తగ్గితే కోత. 1909 పరీక్షల్లో రైట్ సోదరుల విమానం సుమారు 42.5 మైళ్లు చూపడంతో 25 వేల డాలర్ల ధర 30 వేలకు పెరిగింది.

ఇదే ఆలోచన రోడ్లలోనూ ఉంది. ఖమ్మం నుంచి సత్తుపల్లి ప్రాంతం మీదుగా దేవరపల్లికి వెళ్లే నాలుగు వరుసల గ్రీన్‌ఫీల్డు రహదారి హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలోది. ఇందులో నిర్మాణ సమయంలో ప్రభుత్వం ఇచ్చేది ప్రాజెక్టు వ్యయంలో 40 శాతమే, మిగతాది తర్వాత ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది. డిజైను, నిర్వహణ నిర్మించినవారివే కాబట్టి రోడ్డు గుంతలు పడితే ఖర్చు వారి మీదే పడుతుంది.

సింగరేణి, రైతు: అమ్మేవారి వైపు నుంచి

2012 జనవరి నుంచి దేశంలో కోకింగ్ రకం కాని బొగ్గు గ్రేడును స్థూల ఉష్ణ విలువతో నిర్ణయిస్తున్నారు. జీ1 నుంచి జీ17 వరకు ఉన్న శ్రేణిలో జీ10 అంటే కిలోకు 4,301 నుంచి 4,600 కిలోకేలరీలు. ఏ బెంచి బొగ్గును దేనితో కలిపి పంపాలో సింగరేణి ఇష్టం. నమూనాలు తీసి పరీక్షించేది మూడో సంస్థ. కాబట్టి మట్టి, రాయి కలిస్తే గ్రేడు పడిపోయి సొమ్ము తగ్గుతుంది. బొగ్గు ఏ దారిన వెళ్లాలో గ్రేడు చెప్పదు. లారీల దుమ్ము అందువల్లే ఎన్నో ఏళ్లపాటు రోడ్డు పక్క ఊళ్ల వంతయింది. భద్రాచలం రోడ్డు స్టేషను నుంచి సత్తుపల్లికి చాలావరకు సింగరేణి పెట్టుబడితో వేసిన సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం వచ్చాక ఆ భారం కొంత పట్టాలకు మారింది.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు సరఫరాదారు. తేమ 17 శాతానికి మించకూడదు. మట్టి, రాళ్లు 1 శాతం, తాలు, చెత్త 1 శాతం దాటకూడదు. ఎక్కడ, ఎలా ఆరబెట్టాలో నియమం చెప్పదు కాబట్టి కాగితం మీద రైతుకు పూర్తి స్వేచ్ఛ ఉన్నట్టే. కానీ కల్లం, టార్పాలిన్, ఎండ ఈ మూడూ కుదరని యాసంగి కోతల రోజుల్లో అకాల వర్షం పడితే తేమ మీటరులో అంకె మాత్రమే మిగులుతుంది. ఈ కొనుగోలులో నష్టభయాన్ని మోయగల స్తోమత అందరికంటే తక్కువున్నది రైతుకే. అందుకే ఫలితాన్ని అడిగే ప్రభుత్వం ఆరబెట్టే వసతినీ కొనుగోలు కేంద్రం దగ్గరే కల్పించాలి.