బురైదాను నిలబెట్టిన ఖర్జూరం

ఆగస్టు వచ్చిందంటే బురైదాలో తెల్లవారకముందే ఖర్జూరం సంత మొదలవుతుంది. పెట్టెలు నింపుకున్న పికప్‌ బండ్లు బారులు తీరతాయి. వేలం పాట సాగుతుంది. ఎండ ముదిరేలోపు చాలా సరుకు చేతులు మారిపోతుంది. సౌదీలోని ఖసీమ్ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన ఈ ఊరి పేరెత్తగానే గుర్తొచ్చేది సుక్కరీ రకం. పండుకు అంత పేరొచ్చింది గానీ, నన్నడిగితే పెద్ద కథ చెట్టుదే.

ఆ ఎడారిలో కలప అరుదు. మట్టి ఇళ్ల కప్పులకు ఖర్జూరపు మట్టలు పరిచి, పైన మట్టి మెత్తేవారు. ఆకులతో చాపలు, బుట్టలు, విసనకర్రలు అల్లేవారు. మాను పీచుతో తాళ్లు పేనేవారు. గింజలు పశువుల దాణాకు పోయేవి. ఒంటెలు తోలుకుని ఇరాక్, సిరియా, ఈజిప్టు దాకా వెళ్లిన ఈ ప్రాంతపు ఉకైలాత్ వర్తకులకు దారిబత్తెం ఖర్జూరమే. ఈత చాపల మీద పడుకున్న మనకు ఇదంతా వింతేం కాదు. ఈత, ఖర్జూరం దగ్గరి చుట్టాలే. మనం ఈతను గీసి కల్లు దించుతాం. అక్కడ ఆ మాటే ఎత్తకూడదు!

ఈ చెట్లలో ఆడ, మగ వేరు. గాలిని నమ్ముకుంటే కాపు అంతంతమాత్రం. అందుకే మనిషి చెట్టెక్కి మగ పూల పుప్పొడిని ఆడ గెలలకు పట్టించాలి. ఇది ఎంత పాత పనంటే, దాదాపు 3,750 ఏళ్ల కిందటి బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనంలోనే దీనికి లెక్క ఉంది: ఆ పని చేసిన తోటమాలికి పంటలో మూడో వంతు. గింజ నాటితే సుమారు సగం మగ మొక్కలే వస్తాయి, రకమూ నిలవదు. అందుకే తల్లి మొదట్లో పుట్టిన పిలకల్ని తీసి నాటేవారు. ఇప్పుడు కణజాల వర్ధనంతోనూ పెంచుతున్నారు. 2019లో యునెస్కో ఈ పనితనాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

కాంక్రీటు, ప్లాస్టిక్ వచ్చాక మట్టలకూ తాళ్లకూ పూర్వపు గిరాకీ లేదు. పైగా 1980ల్లో దక్షిణాసియా వైపు నుంచి ఒక శత్రువు గల్ఫ్‌కు చేరింది: గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు బాగా తెలిసిన ఎర్రముక్కు పురుగు. మానులోపలే తొలుస్తుంది కాబట్టి, పైకి కనిపించేసరికి చెట్టు దక్కదు. కొబ్బరి మానుకు చెవి ఆనిస్తే పురుగు కొరికే చప్పుడు వినిపించవచ్చు. సౌదీలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ చప్పుడునే, ఖర్జూరపు మానుకు ఆప్టికల్ ఫైబర్ చుట్టి పట్టే పద్ధతి తయారుచేశారు.