మూసీ: చెరువుల కాలం నుంచి బోర్ల కాలం దాకా

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ నడక సుమారు 240 కిలోమీటర్లు. దక్కనులో ఇది చిన్న నదే. అయినా నేల వాడకం మారినప్పుడల్లా నీటి నడత ఎలా మారుతుందో ఇంత తేటగా చూపే చరిత్ర మన నదుల్లో మరొకదానికి లేదని నా అభిప్రాయం.

పైచెరువు మత్తడి దూకితే కిందిచెరువు నిండే గొలుసుకట్టు ఈ రాతినేలకు కాకతీయుల నాటి నుంచీ అలవాటు. గోల్కొండ సుల్తానులూ ఆ బాటే పట్టారు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్ వెలిసింది. 1591లో మూసీ ఒడ్డున హైదరాబాద్ పుట్టింది. తరాలు మారినా చెరువుల పని ఆగలేదు. ఇరవయ్యో శతాబ్ది మొదలయ్యేసరికి నగరానికి ఎగువన దాదాపు చదరపు మైలుకో చెరువు ఉండేది.

ఆ గొలుసు 1908 సెప్టెంబర్ చివర తెగింది. శంషాబాద్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఒక కట్ట తెగి ఆ నీరు కింది కట్టను కొట్టగా 221 చెరువులు గండిపడ్డాయి. 28వ తేదీన నగరంలో సుమారు 15 వేలమంది కొట్టుకుపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టెక్కి నూట యాభైమంది బతికారని చెప్పుకుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఈనాటికీ ఉంది. నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలో గోడలు లేపి ఊరుకోలేదు, ఎగువ పరీవాహకాన్నంతా లెక్కగట్టాడు. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసా మీద హిమాయత్‌సాగర్ (1927) లేచాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండూ నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. అంత దూరదృష్టి మన పాలనా చరిత్రలో అరుదు.

తర్వాతి మలుపు చప్పుడు లేకుండా వచ్చింది. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు మోటబావుల చోట బోర్లు దిగాయి; మెట్టచేలు కూరగాయల తోటలు, ద్రాక్షతోటలు అయ్యాయి. వాగుల మీద చెక్‌డ్యాములు లేచాయి. వీటిలో దేన్నీ తప్పు పట్టలేం, ప్రతి రైతూ తన పొలం తడుపుకున్నాడు. కాని భూగర్భం ఖాళీ అయ్యేకొద్దీ వాగుకు ఊట తగ్గింది. పరిశోధకులు లెక్కలు తీస్తే వానలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు; జలాశయాల్లోకి వచ్చే వరద మాత్రం పడిపోయింది. 1996లో జీవో 111 జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకు పగ్గాలు వేసింది. 2022లో ఆ పగ్గం సడలింది.

ఈలోగా ఆకాశం తీరూ మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోస్తుంది. కుండపోత వానలు మరింత ఉధృతం కావడానికి అది తోడవుతుంది. 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది, ఇంచుమించు 1908 నాటి లెక్కే. పదేళ్లుగా మూసి ఉన్న హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. చెరువుల శిఖం భూముల్లో ఇళ్లు లేచిన చోట, సిమెంటు పరుచుకున్న చోట ఆ నీరు ఇంకడానికి తావే లేదు.

ఇప్పుడు నగరం దిగువన మూసీ ఎండాకాలంలోనూ పారుతోంది. ఆ పారకం అనంతగిరిది కాదు. 2004 నుంచి కృష్ణా జలాలు, 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి జలాలు హైదరాబాద్ ఇళ్లలో వాడకమై మురుగుగా మూసీలో పడుతున్నాయి. పోచంపల్లి, వలిగొండ వైపు పాత కత్వల (చిన్న ఆనకట్టల) కింద ఆ నురగనీటితోనే వరి రెండు పంటలు పండుతోంది. నాగార్జునసాగర్ వెనకనీటి నుంచి పంపులతో ఎత్తిన కృష్ణ, ఇన్ని చేతులు మారి, సాగర్‌కు దిగువన వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే చేరుతోంది.