మరుగు నుంచి నమూనాకు: ఆరోగ్యవరం నేపథ్యంగా ఆసుపత్రులలో రోగి విసర్జనల సేకరణ స్థలం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రోగి కఫం, మూత్రం, మలం ఆసుపత్రిలో ఒకేసారి రెండు రూపాలలో ఉంటాయి. అవి పారవేయవలసిన మలినాలు; రోగనిర్ధారణకు భద్రపరచవలసిన సాక్ష్యాలు కూడా. ఈ రెండు అవసరాలకు తగిన స్థలాన్ని నిర్మించడం ఆధునిక వైద్యచరిత్రలో ఒక ముఖ్యమైన సమస్య. హార్స్లీ హిల్స్ దిగువన, మదనపల్లె సమీపంలో వెలసిన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం చరిత్రను ఆధారంగా చేసుకొని, క్షయ నిర్ధారణలో నమూనా సేకరణ స్థలం ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నమూనా నాణ్యత ప్రయోగశాలలో కంటే ముందే, రోగి నిలబడిన చోటే నిర్ణయమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్యవరం, క్షయ, కఫ పరీక్ష, మరుగుదొడ్డి, శానిటోరియం, మదనపల్లె, పారిశుద్ధ్య శ్రమ.

1. ఉపోద్ఘాతం:

'మరుగుదొడ్డి' అనే మాటలోనే దాని ప్రయోజనం ఇమిడి ఉంది. మరుగు అంటే చాటు. దొడ్డి అంటే గోడతోనో కంపతోనో చుట్టూ కట్టిన ఆవరణ. మనిషి విసర్జనను నలుగురి చూపు నుంచి తప్పించడం ఈ కట్టడం పని. ఆసుపత్రిలోని ప్రయోగశాల కోరేది దీనికి పూర్తిగా భిన్నం. దానికి విసర్జన కనబడాలి, వేరుగా నిలవాలి, ఎవరిదో తెలియాలి, వేరే పదార్థం కలవకుండా చేరాలి. దాచడానికి కట్టిన చోట చూపవలసిన వస్తువును సేకరించడమే ఈ సమస్యలోని మూలవైరుధ్యం.

శానిటోరియంల చరిత్రలో విశాలమైన వరండాలు, గాలి, ఎండ, విశ్రాంతి గురించి చాలా రాశారు. రోగి ఉమ్మే పాత్ర గురించి, దానిని ఉంచే చోటు గురించి, దానిని మోసే మనిషి గురించి రాసింది తక్కువ. అయితే క్షయ ఉన్నదీ లేనిదీ తేల్చింది ఆ పాత్రే.

2. హార్స్లీ కొండల దిగువన ఆరోగ్యవరం:

ఏనుగు మల్లమ్మ కొండగా స్థానికులు పిలుచుకున్న కొండ, 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్స్లీ అక్కడ వేసవి విడిది కట్టుకోవడంతో హార్స్లీ హిల్స్ అయింది. చల్లని ఎత్తు ప్రదేశం ఆరోగ్యకరమన్న ఆనాటి ఐరోపా నమ్మకానికి ఈ విడిది ఒక గుర్తు. క్షయ శానిటోరియం మాత్రం ఆ కొండ మీద రాలేదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, పొడి గాలి ఉండే మదనపల్లె పీఠభూమి మీద వచ్చింది.

భారతదేశంలో బహిరంగ వాయు శానిటోరియంల నిర్మాణం 20వ శతాబ్ది తొలి దశకంలో మొదలైంది. అజ్మీరు దగ్గరి తిలోనియాలో 1906లో, ఆల్మోరాలో 1908లో, ధరంపూరులో 1909లో ఇవి ఏర్పడ్డాయి. దక్షిణ భారతంలోని అనేక ప్రొటెస్టంట్ మిషన్లు కలిసి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియంను 1912లో మదనపల్లెలో ప్రారంభించాయి. 1915లో అది పట్టణం వెలుపలి శాశ్వత స్థలానికి మారింది. ఆ స్థలానికే ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కుకు చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. తరవాతి కాలంలో ఆయన కుమారుడు జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆ బాధ్యతను స్వీకరించాడు.

3. ఉమ్మే పాత్ర – మలినమా, సాక్ష్యమా?:

తెలుగు సమాజానికి ఉమ్మే పాత్ర కొత్తది కాదు. తాంబూల సేవనం ఉన్న సంపన్న గృహాలలో కాళాంజి, తమ్మపడిగ మర్యాదకు చెందిన వస్తువులు. దానిని అందించే పరిచారకులు వేరుగా ఉండేవారు. శానిటోరియం పాత్ర ఈ సంప్రదాయానికి చెందినది కాదు. దాని పుట్టుక 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో క్షయ సూక్ష్మజీవిని ప్రకటించడంతో ముడిపడి ఉంది.

1880ల చివర గెయార్గ్ కోర్నెట్ రోగులు ఉమ్మిన గదులలోని ధూళిని సేకరించి, దానితో గినీ పందులకు క్షయ సోకుతుందని చూపాడు. నేల మీద ఎండిన కఫం ప్రమాదకరమన్న భావన అప్పటి నుంచి బలపడింది. 1889లో పీటర్ డెట్‌వైలర్ జేబులో పెట్టుకొనే మూత ఉన్న నీలి గాజు సీసాను రూపొందించాడు. రోగులు దానిని 'నీలి హెన్రీ' అని వేళాకోళంగా పిలిచేవారు. కఫాన్ని పాత్రలో పట్టడం, కాల్చడం లేదా మరిగించడం, క్రిమినాశక ద్రవం పోయడం శానిటోరియం క్రమశిక్షణలో తొలి పాఠాలయ్యాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పాత్రలో క్రిమినాశకం పోస్తే కఫం సురక్షితమవుతుంది. అయితే దాని నుంచి సూక్ష్మజీవిని పెంచి చూడడం సాధ్యం కాదు. జీల్–నీల్సన్ వర్ణక పద్ధతిలో సూక్ష్మదర్శిని కింద చూడడానికి మిల్లీలీటరు కఫంలో సుమారు 5,000 నుంచి 10,000 వరకు సూక్ష్మజీవులు ఉండాలి. కఫానికి బదులు లాలాజలం చేరినా, నీటితో పలచబడినా రోగం ఉన్నవాడికి లేదని ఫలితం వస్తుంది. కాబట్టి పారవేసే పాత్ర, పరీక్షించే పాత్ర వేరు కావలసి వచ్చింది. ఒకటి మంచం పక్కన రోజంతా ఉంటుంది. రెండవది శుభ్రంగా, వెడల్పు మూతితో, గట్టి మూతతో, రోగి పేరుతో కొద్దిసేపు మాత్రమే ఉంటుంది.

ఇలాంటి చిన్న వస్తువులు వాస్తుశిల్పి దృష్టికి రావడం అరుదు. ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో నిర్మించిన పైమియో శానిటోరియం (1933) ఇందుకు మినహాయింపు. ఒకే గదిలోని తోటి రోగికి నిద్రాభంగం కాకుండా నీరు శబ్దం లేకుండా జారే చేతితొట్టిని ఆయన ప్రత్యేకంగా రూపొందించాడు. రోగి శరీర ధర్మాలను కట్టడ రూపకల్పనలో భాగంగా గుర్తించినందువల్లనే ఆ భవనం నేటికీ చర్చకు వస్తోంది.

4. కఫ సేకరణకు మరుగుదొడ్డి ఎందుకు తగదు?:

1897లో కార్ల్ ఫ్ల్యూగె దగ్గినప్పుడు వెలువడే తుంపరలను, 1930లలో విలియం వెల్స్ ఆ తుంపరలు ఆరి గాలిలో చాలాసేపు తేలే సూక్ష్మకణాలను వివరించారు. ఎండిన ఉమ్మి మీద ఉన్న భయం క్రమంగా గదిలోని గాలి మీదికి మారింది. కఫం కోసం గట్టిగా దగ్గే క్షణమే అత్యధిక ప్రమాదం ఉన్న క్షణం. మూసిన చిన్న గదిలో రోగి దగ్గి వెళ్లాక, తరవాత లోపలికి వచ్చేవారు ఆ గాలినే పీలుస్తారు.

క్షయ ప్రయోగశాలల భద్రతపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ప్రచురించిన కరదీపిక ఈ కారణంగానే కఫాన్ని వీలైనంతవరకు ఆరుబయట సేకరించాలని, మరుగుదొడ్లు, నిరీక్షణ గదులు, ప్రయోగశాలల వంటి మూసిన చోట్ల సేకరించవద్దని సూచించింది. ఆచరణలో మాత్రం చేతిలో డబ్బా పట్టుకొన్న రోగి ఒంటరిగా ఉండగలిగే తొలి చోటును వెతుక్కుంటాడు. చాలా ఆసుపత్రులలో అది మరుగుదొడ్డే.

ఈ వెతుకులాటలో స్త్రీల పరిస్థితి వేరుగా ఉంటుంది. నలుగురిలో గొంతు లోతు నుంచి దగ్గి ఉమ్మడం సిగ్గుపడవలసిన పనిగా భావించే సమాజాలలో స్త్రీలు తరచు లాలాజలాన్నే ఇచ్చి వెళతారు. పాకిస్తానులోని రావల్పిండిలో జరిగిన ఒక అధ్యయనం 2007లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కఫం ఎలా తీయాలో ముందుగా విడమరచి చెప్పిన స్త్రీలలో వ్యాధి బయటపడిన సందర్భాలు గణనీయంగా పెరిగాయని అది చూపింది. పరీక్షా విధానం మారలేదు, సూక్ష్మదర్శిని మారలేదు. నమూనా ఇచ్చే క్షణం మాత్రమే మారింది.

5. శానిటోరియం నుంచి పల్లెకు:

ఆరోగ్యవరం ప్రాముఖ్యం దాని ఆవరణకే పరిమితం కాదు. భారతదేశంలో బి.సి.జి. టీకా 1948లో మదనపల్లెలో ఆరంభమైంది. 1950 నుంచి 1955 వరకు పరిసర గ్రామీణ జనాభాలో జరిగిన క్షయ అధ్యయన ఫలితాలను జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించాడు. ట్యూబర్‌క్యులిన్ పరీక్ష, ఎక్స్‌రే, కఫ పరీక్ష శానిటోరియం గేటు దాటి ఇళ్ల దగ్గరకు వెళ్లాయి. దానితో నమూనా సేకరణ స్థలం ఆసుపత్రి కట్టడం చేతిలో లేకుండా పోయింది. అది ఇంటి పెరడు, వీధి అరుగు, పొలం గట్టు అయింది.

1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఈ మార్పును పూర్తి చేసింది. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో జరిగి 1959లో వెలువడిన అధ్యయనం, ఐసోనియాజిడ్, పాస్ మందులతో ఇంటి వద్ద చేసిన చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని నిరూపించింది. అక్కడ మరొక విసర్జన ముందుకు వచ్చింది. రోగి మందు మింగుతున్నాడో లేదో తెలుసుకోవడానికి ముందుగా చెప్పకుండా ఇంటికి వెళ్లి మూత్రం సేకరించి పరీక్షించేవారు. కఫం రోగాన్ని చెబితే, మూత్రం రోగి నడవడికను చెప్పింది. నమూనా చికిత్సతో పాటు నిఘాకు కూడా సాధనమైంది. ఈ కోణం నైతిక చర్చకు అర్హమైనది.

1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ, 1962లో జాతీయ క్షయ కార్యక్రమం వచ్చాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని సూక్ష్మదర్శినే నిర్ధారణకు ఆధారమైంది. 1990లలో సవరించిన కార్యక్రమం మూడు నమూనాలను కోరింది: వచ్చిన వెంటనే ఒకటి, మరునాటి ఉదయం ఇంటి వద్ద ఒకటి, తిరిగి కేంద్రంలో ఒకటి. 2009లో ఇవి రెండుకు తగ్గాయి. పేరును మూత మీద కాకుండా డబ్బా మీదే రాయాలన్న నియమం కూడా అనుభవం నేర్పినదే. మూతలు తారుమారైతే ఒకరి రోగం మరొకరి పేర చేరుతుంది.

6. మూత్రం, మలం – మరుగుదొడ్డి పునఃప్రవేశం:

కఫాన్ని మరుగుదొడ్డి నుంచి తప్పించాలి. మూత్రానికి, మలానికి మాత్రం అదే సహజస్థానం. అయితే అక్కడి కట్టడం నమూనాకు అనుకూలంగా ఉండదు. మల నమూనాలో మూత్రం, నీరు కలవకూడదు. కలిస్తే అమీబా వంటి జీవుల చలనరూపాలు నశిస్తాయి. పాశ్చాత్య కమోడ్‌లో కూర్చునే పలకకు, తొట్టికి మధ్య సేకరణ పాత్రను అమర్చవచ్చు. నేలబారు మరుగుదొడ్డిలో అలాంటి ఆధారం లేదు. విసర్జన నేరుగా నీటిలోకి జారుతుంది. జర్మనీలో మలం కొద్దిసేపు నిలిచేలా అరవంటి భాగం ఉన్న తొట్లు వాడుకలో ఉండేవి. కలరా రోగులకు మధ్యలో రంధ్రం, కింద బకెట్టు ఉన్న మంచం వాడుకలోకి రావడంతో, బయటికి పోయిన ద్రవాన్ని కొలిచి అంతే ద్రవాన్ని ఎక్కించడం సాధ్యమైంది. విసర్జనను చూడగలగడం, కొలవగలగడం అక్కడ ప్రాణరక్షణకు మార్గమైంది.

ఇటీవలి క్షయ నిర్ధారణ ఈ చర్చను మళ్లీ తాజా చేసింది. చిన్నపిల్లలు కఫాన్ని ఉమ్మలేరు, మింగుతారు. అందుకే వారి కడుపులోని ద్రవాన్ని గొట్టంతో తీసి పరీక్షించేవారు. 2020 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల మలాన్ని జన్యుపరీక్షకు నమూనాగా అంగీకరించింది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో క్షయను మూత్రం ద్వారా గుర్తించే పరీక్షను 2015లోనే సిఫారసు చేసింది. శానిటోరియం యుగంలో క్షయ నమూనా అంటే ప్రధానంగా కఫమే. నేడు ఆసుపత్రి మరుగుదొడ్డి కూడా క్షయ నిర్ధారణలో భాగం. డబ్బా పెట్టడానికి ఒక అర, చేతులు కడిగే చోటు, పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి తగిన పాత్ర, నింపిన డబ్బాను నడవాలో ఊరేగించకుండా ప్రయోగశాలకు అందించే చిన్న కిటికీ అక్కడ ఉండాలి. వీటి ఖర్చు స్వల్పం. లేకపోతే కలిగే నష్టం పెద్దది.

7. మోసే చేతులు:

తెలుగులో మరుగుదొడ్డికి 'పాకీదొడ్డి' అన్న పాత పేరు కూడా ఉండేది. స్థలానికి దానిని శుభ్రపరిచే మనిషి పేరే పెట్టిన ఆ మాటలో కుల చరిత్ర దాగి ఉంది. ఆసుపత్రిలో బెడ్‌పాన్, ఉమ్మే పాత్ర, నమూనా డబ్బా చాలాకాలం ఈ శ్రమ మీదనే నడిచాయి. ప్రయోగశాల ఫలితం వైద్యుడి సంతకంతో వెలువడుతుంది. దానిని మోసుకొచ్చిన చేతుల ప్రస్తావన వైద్యచరిత్రలో అరుదు. మానవ మలాన్ని చేతితో ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో, మరింత విస్తృతంగా 2013లో చట్టాలు వచ్చాయి. జీవవైద్య వ్యర్థాల నియమాలు 1998లో వచ్చి, 2016లో కొత్త రూపు దాల్చాయి. వీటిని నమూనా సేకరణ స్థల రూపకల్పనతో కలిపి చదవాలి. కారని మూత, పొర్లని డబ్బా, దగ్గరి దారి రోగికి ఎంత అవసరమో మోసేవారికి అంతకంటే ఎక్కువ అవసరం.

8. ముగింపు:

ఆరోగ్యవరం నుంచి నేటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు సాగిన ఈ చరిత్రలో పరీక్షా సాధనాలు ఎంతో మారాయి. నమూనా ఇచ్చే చోటు మాత్రం రూపకల్పనలో చివరి అంశంగానే మిగిలింది. రోగికి మనుషుల చూపు నుంచి మరుగు కావాలి. కఫానికి గాలి, ఎండ కావాలి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి గాని, నిజానికి కావు. నడుమెత్తు దాటిన గోడ, పైన ఆకాశం, పక్కన నీళ్లు ఉన్న ఆవరణ రెండింటినీ తీరుస్తుంది. 'దొడ్డి' అన్న మాట మొదట సూచించినది కప్పు లేని అలాంటి ఆవరణనే. ఆసుపత్రి కట్టడాలను, క్షయ చరిత్రను అధ్యయనం చేసేవారు వరండాలతో పాటు ఈ దొడ్డిని కూడా పటంలో గుర్తించినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.