గల్ఫు కొలువులు - కఫాలా చట్టాల కథ

హైదరాబాదులోని బార్కస్ పేరు వినని వారు మనలో ఉండరు. యెమెన్ దేశపు హద్రమౌత్ నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో చేరి, కాపురమున్న బ్యారక్సులే ఆ పేటకు పేరయినాయి. ఒకప్పుడు కొలువు కోసం అరబ్బులు మన గడ్డకు వచ్చారు. తరువాత మన పిల్లలు వారి గడ్డకు పోసాగారు. అంతేకాదు, 1960ల దాకా కువైట్, బహ్రెయిన్ బజార్లలో మన రూపాయే చెల్లేది. 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసమే వేరుగా గల్ఫు రూపాయి నోట్లు అచ్చు వేయించింది. మరి కాలం ఎట్లా తిరగబడింది?

తిప్పింది చమురు. ముత్యాల వేటతో బతికిన ఆ తీరంలో 1932లో బహ్రెయిన్‌లోను, 1938లో కువైట్, సౌదీలలోను చమురు పడింది. 1973 యుద్ధానికి ముందు పీపా సుమారు 3 డాలర్లున్న ధర, 1974 జనవరి నాటికి 11 డాలర్లు దాటింది. డబ్బు వచ్చి పడింది. రోడ్లు, రేవులు, ఆసుపత్రులు కట్టాలి. కట్టే చేతులు మాత్రం లేవు. అప్పుడు మన కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి, పాతబస్తీ గల్లీల నుండి మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపని చేసే ఆడవాళ్ళు బయలుదేరారు.

ఆ ప్రభుత్వాలకు పనివాళ్ళు కావాలి, కాని వారు అక్కడే స్థిరపడి పౌరులు కాకూడదు. ఈ రెండు కోరికలకు కుదిర్చిన ముడే కఫాలా. అరబ్బీలో కఫీల్ అంటే జామీను ఉండేవాడు. అనాథను సాకే వానిని కూడా కఫీల్ అనే అంటారు. ఎంత చల్లని మాట! చట్టంలోకి వచ్చేసరికి దాని అర్థమే మారిపోయింది. వీసా కఫీల్ పేరు మీద వస్తుంది. ఇకామా అతని చేతిలో ఉంటుంది. ఇంకొకచోట చేరాలంటే అతని ఒప్పుదల కావాలి. సౌదీ, ఖతర్‌లలోనైతే తల్లి చనిపోయిందని ఇంటికి రావాలన్నా అతని సంతకం కావాల్సి వచ్చేది. పారిపోయాడని ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు, కార్మికుడు నేరస్థుడే. ‘ఆజాద్ వీసా’ అని లక్షలు పోసి కొన్నవారు ‘ఖల్లివల్లి’లై దాక్కొని బతికింది ఇందువల్లనే.

మా బడిలో చదివిన ఒక కుర్రవాడు అయిదు నెలలు జీతం లేకుండా ఎడారిలో పనిచేశాడు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. ఎటు పోగలడు?

ఇది కార్మికునికి అన్యాయం సరే, ఆ దేశాలకైనా మేలు చేసిందా? మనిషి కదలలేకపోతే నేర్చిన పనికి తగిన చోటు దొరకదు, జీతం పెరగదు. ఈ సంగతి లెక్కలతోనే తేలింది. 2011 జనవరి నుండి యు.ఎ.ఇ.లో ఒప్పందం ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే కొత్తచోట చేరవచ్చునన్నారు. ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, అప్పటికే అక్కడ ఉన్నవారి సంపాదన 10 శాతానికి పైగా పెరిగింది. తలుపు తెరిస్తే అందరూ పారిపోతారనుకున్నారు గదా! పాత యజమాని దగ్గరే నిలిచిన వారు ఎక్కువయ్యారు. దేశం విడిచిపోయేవారు తగ్గారు. అయితే కొత్తగా పిలిపించుకొనే వారికి గిరాకీ కొంత తగ్గిందన్నదీ నిజమే.

బహ్రెయిన్ 2009లోనే ఈ దారి పట్టింది. ప్రపంచ కప్పు ఫుట్‌బాలు పోటీలకు ముందు లోకమంతా వేలెత్తి చూపగా, ఖతర్ 2020లో మారడానికి అనుమతి పత్రం అక్కరలేదంది. 2021 మార్చి నుండి కనీస వేతనం 1000 రియాళ్ళు చేసింది. అదే నెలలో సౌదీ కూడా సంస్కరణ అమలు చేసింది. కాని ఇంటి పనివారిని, ఇంటి డ్రైవర్లను, తోటమాలీలను, గొర్రెల కాపరులను అందులో చేర్చలేదు. మన వారిలో ఎందరో చేసేవి ఆ పనులే కదా!

మన దేశంలో 1922 నాటి వలస చట్టం స్థానంలో 1983లో కొత్త చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషులను పంపరాదని, పదో తరగతి పాసుకాని వారు కొన్ని దేశాలకు పోయేముందు ప్రభుత్వ అనుమతి పొందాలని నిబంధన పెట్టారు. పాసయిన పిల్లవానికి ఆ అనుమతి అక్కరలేదు. చదువు విలువ చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సోదరులారా! చట్టం మారింది గదా అని కూర్చుంటే లాభం లేదు. తెలియని హక్కు తాళం వేసిన పెట్టెలోని సొమ్ము వంటిది. బిడ్డను పంపేముందు ఏజెంటు రిజిస్ట్రేషన్ చూడండి. ఒప్పంద పత్రాన్ని చదివించి, అర్థం చెప్పించుకొని, ఒక నకలు ఇంట్లో ఉంచండి. అరబ్బీ అక్షరాలు గుర్తుపట్టగలిగే పిల్లలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ అక్షరాలకు అర్థం కూడా నేర్పితే, రేపు ఇకామా మీద ఏమి రాసి ఉందో వాళ్ళే చదువుకొంటారు.